మారుమనస్సు: మార్పును విశ్వాసంతో, భక్తితో స్వాగతించడం

(మహాసభల ఆదివారం ఉదయపు ఆరాధన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రాత్రి సాంస్కృతిక కార్యక్రమాలు ఒంటిగంట దాకా నడిచినా, పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఇంతమంది వచ్చారంటే కారణం భక్తి అయినా అయ్యుండాలి, పక్క హాల్లోంచి వస్తున్న పెసరట్టు ఉప్మా వాసన అయినా అయ్యుండాలి. ఏదైనా సరే, వచ్చారు. సంతోషం.

నేను పాస్టరును కాను, వేదాంత కళాశాలలో చదువుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న ఒక మామూలు విశ్వాసిని. "మార్పును విశ్వాసంతో, భక్తితో స్వాగతించడం" అన్న అంశం మీద మాట్లాడమని కమిటీవారు నన్నడిగినప్పుడు, నన్నే ఎందుకా అనుకున్నాను. బహుశా మార్పంటే బాగా అలవాటైన వృత్తి మాది అనుకుని ఉంటారు. నిజమే. మేం కష్టపడి నేర్చుకున్నది నాలుగేళ్ళకు పాతబడుతుంది. ఇప్పుడైతే మేం రాసే కోడు యంత్రమే రాసిపెడుతోంది. కంపెనీ "సోమవారం నుంచి కొత్త పద్ధతి" అంటే శని, ఆదివారాలు కూర్చుని నేర్చేసుకుంటాం. కానీ ఆ ఇంజనీర్లమే, మా సంఘంలో ఆరాధన రెండింటికి బదులు రెండున్నరకి మొదలుపెడదామంటే రెండు నెలలు చర్చించాం!

నవ్వుకోవడానికి చెప్పినా, అందులో ఒక నిజం ఉంది. వారమంతా అన్నీ మారిపోతుంటే, కదలని చోటు ఒక్కటైనా ఉండాలని మనసు కోరుకుంటుంది. ఆ చోటు దేవుని మందిరమే కావాలనుకోవడం తప్పు కాదు. కదలనిది దేవుడా, లేక మనం కూర్చునే కుర్చీయా అన్నది మాత్రం మనల్ని మనం అడిగి చూసుకోవాలి.

మన తెలుగు బైబిల్లో ఒక గొప్ప మాట ఉంది, "మారుమనస్సు". చిన్నప్పటి నుంచి వేలసార్లు వినడం వల్ల అందులో ఉన్న 'మారు' అన్న మాట మన చెవిన పడటం మానేసింది. మార్కు సువార్త తెరిచి చూడండి. ప్రభువు తన పరిచర్య మొదలుపెడుతూ ప్రజల్ని అడిగినవి రెండే. ఒకటి మారుమనస్సు, రెండోది సువార్తను నమ్మడం. అంటే మార్పు, విశ్వాసం ఆయన నోట జంటగానే వచ్చాయి. మార్పు వద్దనుకునేవాడు క్రైస్తవ జీవితంలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినట్టు.

అలాగని ప్రతి మార్పునూ చప్పట్లు కొట్టి లోపలికి పిలవాలా? అక్కర్లేదు. ఇక్కడ నా వృత్తిలోంచి ఒక్క ఉదాహరణ చెప్పనివ్వండి. ఒక పాత కంప్యూటరు వ్యవస్థ నుంచి కొత్తదానికి సమాచారమంతా తరలించేటప్పుడు మేం ముందుగా ఒక జాబితా రాసుకుంటాం. ఏది పోయినా ఫరవాలేదు, ఏది మాత్రం పోకూడదు అని. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. జాబితా లేకుండా తరలిస్తే అసలైనదే పోతుంది. అన్నీ జాబితాలో రాసేస్తే తరలింపు ఎన్నటికీ పూర్తికాదు. తెరమీద బటను రంగు కూడా మారకూడదని పట్టుబట్టేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ప్రతి సంఘంలోనూ ఉంటారు!

నేను ఈ ఉదయం మీతో చెప్పదలచుకున్నది ఒక్కటే. విశ్వాసం ఆ జాబితాను చిన్నది చేస్తుంది. భక్తి ఆ చిన్న జాబితాను గట్టిగా పట్టుకుంటుంది. రెండూ కలిసి ఉన్నప్పుడే మార్పును భయం లేకుండా స్వాగతించగలం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయం చూడండి. పేతురు యొప్పేలో, సముద్రం దగ్గర చర్మకారుడైన సీమోను ఇంట్లో దిగాడు. మధ్యాహ్నం మిద్దె మీద ప్రార్థన చేసుకుంటుంటే ఆయనకు ఒక దర్శనం కలిగింది. పుట్టినప్పటి నుంచి ముట్టనివాటిని తినమని దేవుడే చెబుతున్నాడు. పేతురు కాదన్నాడు. మూడుసార్లు అదే జరిగింది. ఆ తర్వాత ఆయన కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలి ఇంటి గడప దాటాడు. అంతకుముందైతే ఆయన దాటేవాడు కాదు. గమనించండి, ఆ మార్పు పేతురుకు ప్రార్థనలో ఉండగా వచ్చింది. భక్తి ఆయన్ని మార్పు నుంచి కాపాడలేదు, మార్పుకు సిద్ధం చేసింది.

తర్వాత పదిహేనో అధ్యాయంలో యెరూషలేములో పెద్దల సభ జరిగింది. అన్యజనులు సంఘంలో చేరాలంటే సున్నతి, మోషే ధర్మశాస్త్రం అంతా పాటించాలా అన్నది ప్రశ్న. చాలా వాదోపవాదాలు జరిగాయని అక్కడే రాసి ఉంది. పేతురు, పౌలు, బర్నబా, యాకోబు కూర్చుని ఆలోచించి చివరికి రాసి పంపిన ఉత్తరంలో కొత్తవారు మానుకోవలసినవి నాలుగంటే నాలుగే. శతాబ్దాల ఆచారాల్లోంచి నాలుగు! విశ్వాసం జాబితాను చిన్నది చేయడం అంటే అది.

పాత నిబంధనలో కూడా అంతే. అబ్రాహాము హారాను విడిచి బయలుదేరేటప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు. దేశాన్ని, బంధువుల్ని, తండ్రి ఇంటిని వదిలాడు. షెకెములో ఆగినా, బేతేలు దగ్గర ఆగినా ఒక బలిపీఠం మాత్రం కట్టాడు. ఇల్లు వదిలినవాడు ఆరాధన వదల్లేదు. బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం మనలాంటి పరదేశవాసులు తరచూ చదవాలి. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నది దాని సారాంశం. రేపో మాపో తిరిగి వెళ్ళిపోతామని పెట్టెలు సర్దుకుని కూర్చున్నవారికి ఆ ఉత్తరం ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఆలోచించండి.

ఇదంతా బైబిలు కాలం మాట అనుకోకండి. మన తెలుగు నేల మీద జరిగింది చూద్దాం.

చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె గుర్తుంది కదా. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అగ్రవర్ణాల పిల్లల కోసం బడి పెట్టాడు. ఆ కుటుంబాల్లో సువార్త వినేవారు కూడా కొందరు కనిపించారు. సరిగ్గా ఆ సమయంలో, తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్తుడు, విశ్వాసంలోకి వచ్చి తనవారందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళను చేర్చుకుంటే మేం రామని, పిల్లల్ని బడి మాన్పిస్తామని పైకులాలవారు క్లౌతో చెప్పారు. ఆయన, ఆయన భార్య ప్రార్థనతో ఆలోచించి పేరయ్య మనుషుల్ని చేర్చుకోవడానికే నిర్ణయించుకున్నారు. బడి ఖాళీ అయింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

మార్పు మిషనరీకి మాత్రమే కష్టం కాలేదు. అసలు ధర చెల్లించింది ఆ కొత్త విశ్వాసులే. జాతర్లలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఆదివారం పని చెయ్యమన్నారు. దానికి ఊళ్ళు వాళ్ళను బావుల దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు. అయినా నిలబడ్డారు.

1876-78లో ధాతు కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలిపని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, గంజికోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో ఇవ్వలేదు. కూలి సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ కూర్చున్న మనలో చాలామంది ముత్తాతలు, ముత్తవ్వలు అలాంటి నీళ్ళలో దిగినవారే. నాలుగు తరాల తర్వాత మనం విమానాల్లో తిరుగుతూ "మార్పంటే భయం" అంటే వారి ముందు ఏం బాగుంటుంది?

మన కీర్తనలు తీసుకోండి. "పాత పాటలే పాడాలి, అవే మన సంప్రదాయం" అంటాం. నాకూ అవే ఇష్టం. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి క్రీస్తును నమ్మి, 1890లో కన్నుమూసేలోగా ఎన్నో తెలుగు కీర్తనలు రాశారు. పాశ్చాత్య బాణీలకు మాటలు అతికించకుండా, మన రాగాల్లో, మన తాళాల్లో పాడుకునేలా రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేయడం మీరందరూ చూసినదే. దొర పాటకు అలవాటుపడిన చెవులకు ఒకప్పుడు అది కొత్తే కదా! అలాగే డోర్నకల్ బిషపు అజరయ్యగారు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, 1912లో బిషపుగా అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథీడ్రల్‌ను గుడి, మసీదు నిర్మాణశైలులు కలిపి మన దేశపు మందిరంగా కట్టించారు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని జీవితమంతా శ్రమించి, 1945 జనవరి 1న మరణించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన చూడలేదు. తాము చూడని మార్పుకోసం ప్రార్థించినవారి మూలంగానే మనకు ఈ సంప్రదాయం వచ్చింది. ఈ రోజు మనం మార్చకూడదంటున్న చాలా విషయాలు ఒకనాడు ఎవరో కన్నీళ్ళతో స్వాగతించిన మార్పులే.

ఇక పరదేశం సంగతి. మనమే మొదటి ప్రవాసులం అనుకుంటాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద వెళ్ళినవారు. తర్వాత ఏళ్ళలో వేలాదిమంది తెలుగువారు అలా వెళ్ళారు. వారిలో కొందరు బాప్టిస్టు విశ్వాసులు. మాకు తెలుగులో వాక్యం చెప్పేవారు కావాలని కబురు పెడితే, 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య వెళ్ళారు. ఆయన్ని పంపింది ఏ విదేశీ మిషనూ కాదు, తెలుగు బాప్టిస్టులే. ఆ ఏడాది చివర్లోనే కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్యగారు 1915లో చనిపోయేదాకా ఆ తోటల మధ్య తిరుగుతూ సేవ చేశారు.

తర్వాత ఏమైంది? తరాలు గడిచాయి. అక్కడి తెలుగువారి ఇంటిభాష ఇంగ్లీషు అయింది. తెలుగు కాపాడుకోవాలని 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని శ్రమిస్తూ వచ్చారు. భాష చాలా ఇళ్ళలో జారిపోయింది. కానీ రంగయ్యగారు నాటిన విశ్వాసం జారిపోలేదు. దీన్ని చూసి సంతోషించాలా, దుఃఖించాలా? రెండూ చేయాలి. పోయినదాన్ని పోయిందని ఒప్పుకోవడం కూడా విశ్వాసమే.

ఈ ప్రశ్న మా ఇంటి గుమ్మంలోకి కూడా వచ్చింది. న్యూజెర్సీలో మా సహవాసం ఐదు కుటుంబాలతో ఒక అపార్టుమెంటులో మొదలైంది. ఇప్పుడు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకుంటాం. కొన్నేళ్ళ క్రితం సర్వసభ్య సమావేశంలో పదహారేళ్ళ అమ్మాయి లేచి, వచ్చీరాని తెలుగులో ఇలా అంది: "అంకుల్, పాటలో నేను దేవుడికి ఏదో ప్రామిస్ చేస్తున్నాను. ఏం చేస్తున్నానో నాకు తెలియట్లేదు. దేవుడికి తెలుగు వచ్చు. నాకు రాదు కదా." హాలంతా నిశ్శబ్దం. అప్పుడు కొడుకు దగ్గరుండటానికి వచ్చిన ఒక పెద్దావిడ అన్నారు: "వారమంతా నాలుగు గోడల మధ్య ఉంటాను బాబూ. ఈ రెండు గంటలే నాకు మనుషుల మాట వినపడేది. ఇది కూడా ఇంగ్లీషు చేస్తే నేనెక్కడ ప్రార్థన చేసుకోను?"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఓటింగు పెడితే ఎవరో ఒకరు గెలిచేవారు, సంఘం ఓడిపోయేది. అందుకని మూడు వారాలు ఉపవాస ప్రార్థన పెట్టుకుని, పోకూడనివి ఏమిటో రాసుకున్నాం. మొదట పాతిక అంశాలొచ్చాయి. ఆఖరికి మూడు మిగిలాయి. వాక్యం అందరికీ అర్థం కావాలి. ప్రభువు బల్ల అందరం కలిసి తీసుకోవాలి. పెద్దలు, పిల్లలు ఒకే గదిలో ఉండాలి. మిగతావన్నీ మార్చుకోవచ్చు అనుకున్నాం.

ఇప్పుడు వాక్యం రెండు భాషల్లోనూ చెబుతున్నాం. పాట తెరమీద తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, కింద అర్థంతో వస్తుంది. ప్రతి ఆదివారం ఒక్క కీర్తన అర్థాన్ని పెద్దవాళ్ళలో ఒకరు పిల్లలకు చెప్పాలి. ఎక్కువసార్లు చెప్పేది ఆ పెద్దావిడే. ఆవిడ చెప్పినదాన్ని ఇంగ్లీషులోకి మార్చేది ఆ అమ్మాయే. అర్థం కానిచోట ఆగి అడుగుతుంది, ఆవిడ మళ్ళీ చెబుతారు. వారిద్దరి పుణ్యమా అని నాకు కూడా ఒకటి రెండు కీర్తనల అర్థం నలభై దాటాక తెలిసింది!

అంతా సుఖాంతం అని చెప్పను. రెండు కుటుంబాలు పూర్తి తెలుగు ఆరాధన కావాలని వేరే సంఘానికి వెళ్ళాయి. వాళ్ళు లేని లోటు మాకు తెలుస్తూనే ఉంది. ప్రసంగం రెండు భాషల్లో కావడంతో వాక్యం లోతుగా చెప్పడానికి సమయం చాలడం లేదని పాస్టరుగారు అంటుంటారు. మార్పుకు ధర ఉంటుంది. ఆ ధర తెలిసి చెల్లించడం వేరు, తెలియకుండా పోగొట్టుకోవడం వేరు.

ఇప్పటిదాకా మనం ఎంచుకునే మార్పు గురించి చెప్పాను. మనల్ని అడక్కుండా వచ్చే మార్పు ఇంకొకటి ఉంది. 2023లో ఒకరోజు పొద్దున నా ఉద్యోగం పోయిందని ఈమెయిలు వచ్చింది. వీసా మీద ఉన్నవాళ్ళకు అరవై రోజుల లెక్క ఏమిటో ఇక్కడ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి మా ఆవిడ రోజూలాగే బైబిలు తీసి పిల్లల్ని పిలిచింది. నాకు ప్రార్థన చేసే ఓపిక లేదు. మా చిన్నవాడు చేశాడు. రోజూ చేసే ప్రార్థనే, ఒక్క మాట కూడా మార్చలేదు. భక్తి అంటే ఏమిటో నాకు ఆ రాత్రి అర్థమైంది. మనసు సహకరించని రోజున కూడా మనల్ని మోసుకెళ్ళే మంచి అలవాటు అది. బాగున్న రోజుల్లో వేసిన ఆ బాట చీకట్లో కాళ్ళకు దొరుకుతుంది.

నాకు యాభై మూడో రోజున ఉద్యోగం దొరికింది. తక్కువ జీతం, రోజూ రెండు గంటల ప్రయాణం. మా సహవాసంలోనే ఇంకో సోదరుడికి అరవై రోజుల్లోనూ దొరకలేదు. పిల్లల చదువు మధ్యలో ఆపి కుటుంబమంతా హైదరాబాదు వెళ్ళిపోయారు. ఆయన విశ్వాసం నాకంటే తక్కువ కాదు, ఆయన ప్రార్థన నాకంటే చిన్నది కాదు. అందుకే నా ఉద్యోగాన్ని విశ్వాసానికి బహుమతిగా సాక్ష్యం చెప్పడానికి నాకు నోరు రాదు. దేవుడు నాతో ఇక్కడ ఉన్నాడు, ఆయనతో అక్కడ ఉన్నాడు. నేను చెప్పగల సాక్ష్యం అంతే. కానీ అది చిన్న సాక్ష్యం కాదని నా నమ్మకం.

ముగించే ముందు మీకు మూడు మనవులు. ఇంటికి వెళ్ళాక భార్యాభర్తలు కూర్చుని, ఏ మార్పు వచ్చినా మన ఇంట్లో పోకూడనివి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. అయిదు దాటితే కొట్టేయడం మొదలుపెట్టండి. రెండోది, కుటుంబ ప్రార్థనకు ఒక సమయం పెట్టుకోండి, పది నిమిషాలైనా చాలు. కష్టం వచ్చాక మొదలుపెడదామనుకుంటే అప్పటికి ఓపిక ఉండదు. మూడోది, మీ సంఘంలో ఒక పెద్దవారిని, ఒక యౌవనస్తుణ్ణి పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒకరికి తెలిసిన పాటను ఇంకొకరు అర్థం చేసుకోనివ్వండి. ఏ భాషలో అన్నది ఆ తర్వాత వాళ్ళే తేల్చుకుంటారు.

రేపు మీరు ఎక్కడికి వెళ్తున్నా, కొత్త ఉద్యోగానికైనా, ఖాళీ అయిన ఇంటికైనా, ఆసుపత్రికైనా, తిరిగి మన ఊరికైనా, అబ్రాహాముతో నడిచిన దేవుడు మీకంటే ముందు అక్కడ ఉంటాడు. ఆయన మారనివాడు గనుకనే మనం ధైర్యంగా మారవచ్చు. ప్రభువు మిమ్మల్ని, మీ పిల్లల్ని దీవించును గాక. ఆమేన్.